అక్కడ ఎవరైనా ఏమైనా అంటే?

రాత్రి పదిన్నరకు అక్క ఫోన్ చేసింది. ఆ వేళప్పుడు చేసిందంటే బావగారు పడుకున్నారని, పిల్ల పక్కగదిలో ఉందని అర్థం. ఐ-20 వచ్చేసింది, వీసా స్టాంపింగ్ అయింది, టికెట్లు తీశారు, ఎడ్యుకేషన్ లోను మొదటి విడత కూడా కట్టేశారు. ఇక అడగడానికి ఏముందా అనుకున్నాను. కాసేపు చలికోట్ల గురించి, ఇంకాసేపు కుక్కర్ గాస్కెట్ల గురించి మాట్లాడింది. తర్వాత గొంతు తగ్గించి, "దాన్ని అక్కడ ఎవరైనా ఏమైనా అంటారంటావా?" అంది.

ఏమంటారో తను చెప్పలేదు, నేనూ అడగలేదు. జాతి వివక్ష అన్న మాట మా అక్క నోటి వెంట ఎప్పుడూ వినలేదు. అది పేపర్లలో మాట. ఇళ్ళలో ఆ భయానికున్న పేరు ఇదే, ఏమైనా అంటారేమోనని. పిల్లల్ని దూరదేశం పంపే ప్రతి తల్లికీ ఈ భయం ఉంటుంది. అమీర్‌పేట కన్సల్టెన్సీలో కూర్చున్నప్పుడు మాత్రం ఎవరూ పైకి తీయరు. అక్కడ ర్యాంకులు, ఫీజులు, చదువయ్యాక పని చేసుకోనిచ్చే ఓపీటీ గురించే ప్రశ్నలు. చిలుకూరులో వీసా కోసం 11 ప్రదక్షిణలు చేసేటప్పుడు కూడా అది గుర్తు రాదు. వీసా చేతికొచ్చాక, మొక్కు తీర్చుకోవడానికి 108 తిరుగుతుంటే అప్పుడు లోపల మెల్లగా మొదలవుతుంది.

"ఏమీ అనరులే అక్కా, అక్కడంతా మనవాళ్ళే" అని ఫోన్ పెట్టేశాను. చాలాసేపు నిద్ర పట్టలేదు. మనవాళ్ళు ఉన్నారన్నది నిజమే. 2023-24 విద్యాసంవత్సరంలో అమెరికాలో చదివిన భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. చైనాను దాటి మనమే మొదటి స్థానంలోకి వెళ్ళాం. మరుసటి ఏడాది ఆ సంఖ్య 3,63,019 అయింది. అందులో తెలుగు పిల్లలు ఎంతమందో తెలియాలంటే ఆగస్టులో ఒక రాత్రి శంషాబాద్ విమానాశ్రయం బయట నిలబడితే చాలు. కానీ ఎవరూ ఏమీ అనరని నేను ఏ ధైర్యంతో చెప్పాను? అక్కకి ఆ రాత్రి ఇవ్వాల్సిన జవాబు ఇప్పుడు రాస్తున్నాను.

ఓలేథాలో ఆ సాయంత్రం

2017 ఫిబ్రవరి 22. కాన్సస్ రాష్ట్రంలోని ఓలేథా. గార్మిన్ కంపెనీలో ఇంజినీర్లు కూచిభొట్ల శ్రీనివాస్, మాదసాని అలోక్ పని ముగించుకుని, తమకు అలవాటైన ఆస్టిన్స్ బార్‌కు వెళ్ళి ఆరుబయట కూర్చున్నారు. శ్రీనివాస్ వయసు 32. హైదరాబాద్‌లో జేఎన్‌టీయూ పట్టా తీసుకుని, ఎల్ పాసోలోని టెక్సస్ విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్ చదివాడు. ఇవాళ మన పిల్లలు నడుస్తున్న దారిలోనే నడిచాడు. ఒక మనిషి వాళ్ళ దగ్గరకొచ్చి, మీరు ఏ వీసా మీద ఉన్నారంటూ గొడవకు దిగాడు. అతన్ని బయటికి పంపేశారు. కాసేపటికి తుపాకీతో తిరిగొచ్చి, నా దేశం వదిలి పొండి అని అరుస్తూ కాల్చాడు. శ్రీనివాస్ చనిపోయాడు, అలోక్ గాయపడ్డాడు. పారిపోయిన హంతకుడు పక్క రాష్ట్రం మిస్సోరీలో ఒక రెస్టారెంట్‌లో కూర్చుని, ఇద్దరు ఇరానియన్లను కాల్చానని చెప్పుకున్నాడు.

ఈ ముక్క దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను. తాను కాల్చింది ఎవరినో కూడా అతనికి తెలియదు. వాళ్ళ మాట తీరు, చదువు, కట్టిన పన్నులు, ఇరుగుపొరుగుతో ఉన్న మంచి, ఏవీ అతని కంటికి ఆనలేదు.

ఆ సాయంత్రం అక్కడ ఇంకో మనిషి కూడా ఉన్నాడు. ఇయాన్ గ్రిల్లట్, 24 ఏళ్ళ కుర్రాడు, బాస్కెట్‌బాల్ ఆట చూడ్డానికి వచ్చాడు. కాల్పులు మొదలవగానే టేబుల్ కిందికి దూరి, ఎన్ని తూటాలు పేలాయో లెక్కపెట్టాడు. తుపాకీ ఖాళీ అయిందనుకుని లేచి హంతకుడి వెంటపడ్డాడు. లెక్క తప్పింది. తూటా అతని చేతిలోంచి ఛాతీలోకి దిగింది. ప్రాణం దక్కింది. ఆ తర్వాత హ్యూస్టన్‌లోని భారతీయులు లక్ష డాలర్లు పోగుచేసి, ఇల్లు కొనుక్కోమని అతనికిచ్చారు. హంతకుడికి 2018లో రాష్ట్ర న్యాయస్థానం, ఫెడరల్ న్యాయస్థానం రెండూ యావజ్జీవం వేశాయి.

శ్రీనివాస్ భార్య సునయన దుమాల, మనలాంటివాళ్ళకు ఇక్కడ చోటుందా అని ఆ రోజుల్లో బాహాటంగానే అడిగింది. అడిగి ఊరుకోలేదు. కాన్సస్‌కే తిరిగి వెళ్ళి, ఉద్యోగం చేసుకుంటూ, కొత్తగా వచ్చేవాళ్ళ కోసం 'ఫరెవర్ వెల్కమ్' అనే సంస్థ పెట్టింది.

ఇలాంటి ఘోరాలు రోజూ జరగవు. వెళ్ళినవాళ్ళలో చాలామంది చదువు ముగించి ఉద్యోగంలో చేరతారు, ఇల్లు కొనుక్కుంటారు. అయినా శ్రీనివాస్ సంగతి ముందుగా చెప్పానంటే, మనం పిల్లలకు చెప్పి పంపే బుద్ధులు ఎంత పొరపాటువో అది చూపిస్తుంది కాబట్టి.

నోరు మంచిదైతే ఊరు మంచిదా?

మనం చెప్పి పంపేవి రెండే రెండు సామెతలు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుంది. పడ్డవాళ్ళెప్పుడూ చెడ్డవాళ్ళు కారు. మొదటిదాని ప్రకారం ఎవరైనా ఏమైనా అన్నారంటే తప్పు నీ నోటిలోనే ఉంది. రెండోదాని ప్రకారం మాట పడి ఊరుకోవడమే మంచితనం. ఇంట్లో అత్తగారితోనో, ఊళ్ళో దాయాదులతోనో సర్దుకుపోవడానికి పుట్టిన మాటలివి. ఇరవై రెండేళ్ళ పిల్లకు పరాయి ఊళ్ళో ఇవి ఏం నేర్పుతాయి? ఎవరో బస్సులో వెక్కిరిస్తే ఆ రాత్రి గదిలో కూర్చుని, తను ఏం తప్పు చేసిందా అని వెతుక్కోవడం నేర్పుతాయి.

మా అక్క కూతురు అప్పుడే మొదలుపెట్టింది. ఐదక్షరాల పేరును రెండక్షరాలకు కుదించుకుంది. "వాళ్ళకి నోరు తిరగదు పిన్నీ, ఎందుకొచ్చిన గొడవ" అంటోంది. తనకిష్టమై కుదించుకుంటే నాకేమీ బాధ లేదు. ఇంకా విమానం ఎక్కకుండానే, ఎవరూ ఏమీ అనకుండానే, తనను తాను తగ్గించుకుంటోంది. నాకు గుచ్చుకున్నది అదీ.

జాగ్రత్తలు వద్దని నేననను. రాత్రివేళ ఒంటరిగా నడవకపోవడం, ఇంటి అడ్రసు పదిమందికి చెప్పకపోవడం గుంటూరులోనైనా అవసరమే. కానీ జాగ్రత్త వేరు, తల దించుకుని తిరగడం వేరు.

ఆదోని అమ్మాయి కందుల జాహ్నవి నార్త్ ఈస్టర్న్ విశ్వవిద్యాలయం సియాటెల్ క్యాంపస్‌లో చదివేది. వయసు 23. 2023 జనవరి 23 రాత్రి రోడ్డు దాటుతుంటే పోలీసు కారు ఢీకొట్టి చంపింది. అక్కడ వేగపరిమితి గంటకు 40 కిలోమీటర్లు, కారు వచ్చిన వేగం 119. ప్రమాదం తర్వాత మరో పోలీసు అధికారి ఫోన్‌లో నవ్వుతూ, 11,000 డాలర్లకు చెక్కు రాస్తే సరిపోతుందని, ఆమె విలువ ఎలాగూ పరిమితమేనని అన్నాడు. దుస్తులకున్న కెమెరా ఆ మాటల్ని పట్టేసింది. లాయర్ల ధోరణిని వెక్కిరించానని ఆ అధికారి వాదన. ఆ మాటల్లో రంగు ప్రస్తావన లేదు, దేశం ప్రస్తావన లేదు. అయినా వాటిని విన్న ప్రతి తెలుగు తల్లికీ అవి తన బిడ్డ గురించే అన్నట్టు తగిలాయి. ఆ నవ్వు పైఅధికారుల దాకా ఎలా వెళ్ళింది? పనిలో భాగంగా రికార్డింగ్ విన్న పోలీసు శాఖ ఉద్యోగి ఒకరు, ఇది వదిలేయాల్సిన సంగతి కాదనుకుని పైకి పంపారు. 2024 జులైలో ఆ అధికారి ఉద్యోగం పోయింది.

టేబుల్ కింద నుంచి లేచిన గ్రిల్లట్ గానీ, రికార్డింగ్ పైకి పంపిన ఆ ఉద్యోగి గానీ మన భాషలో మనవాళ్ళు కారు. అక్కడంతా మనవాళ్ళేనని నేను అక్కకిచ్చిన ధైర్యం ఎంత ఇరుకైనదో నాకు అక్కడ తెలిసింది. ఆ 'మనవాళ్ళు' అన్న మాట అమెరికా వెళ్ళాక ఇంకా ఇరుకవుతుంది కూడా. రూమ్మేట్లు మొదటివారంలోనే ఇంటిపేరు అడుగుతారు, ఊరు అడుగుతారు, ఇంకా తేలకపోతే మీరేవిట్లు అని అడిగేస్తారు. జాహ్నవి పోయిన నెలలోపే, 2023 ఫిబ్రవరి 21న, అదే సియాటెల్ నగరపాలక మండలి కుల వివక్షను నిషేధించింది. అమెరికాలో ఆ పని చేసిన మొదటి నగరం అదే. మన పిల్లల్ని ఏమైనా అనేవాళ్ళలో మన పిల్లలూ ఉన్నారు.

నేను పెట్టిన సంతకం

ఇక నా సంగతి. ఇరవై ఏళ్ళ కిందట పీజీ చదవడానికి గుంటూరు నుంచి హైదరాబాద్ వచ్చాను. హాస్టల్లో మా ఎదురుగదిలో మణిపూర్ అమ్మాయి ఉండేది. మెస్ క్యూలో ఆమెను చింకీ అనేవాళ్ళు, నేపాలీ అనేవాళ్ళు, చైనా నుంచి ఎప్పుడొచ్చావని అడిగేవాళ్ళు. మేం నవ్వేవాళ్ళం, లేకపోతే కంచంలోకి చూస్తూ తినేవాళ్ళం. మెస్‌లో పప్పు, పెరుగు తినలేక ఆదివారాలు ఆ అమ్మాయి గదిలోనే చిన్న కరెంటు స్టవ్ మీద ఎరోంబా చేసుకునేది. ఉడికించిన కూరగాయల్ని పచ్చిమిర్చితో, ఙారి అనే పులియబెట్టిన చేపతో కలిపి మెదుపుతారు. కారిడార్లో దుర్వాసన వస్తోందని వార్డెన్‌కు ఒక కాగితం వెళ్ళింది. దాని మీద ఏడు సంతకాలు. మూడోది నాది.

మా ఇంట్లో నెలకు రెండుసార్లయినా వంకాయ, ఎండు నెత్తళ్ళ కూర ఉంటుంది. దాని వాసన వీధి చివరికి వెళుతుంది. నాకు అది కమ్మగా ఉంటుంది. సంతకం పెడుతున్నప్పుడు ఆ కూర నాకు గుర్తు రాలేదు.

వార్డెన్ స్టవ్ తీసేసుకున్నారు. ఆ అమ్మాయి ఎవరినీ ఏమీ అనలేదు. పరీక్షల ముందు జిరాక్స్ షాపు దగ్గర ఇద్దరం నిలబడి ఉంటే తనే మాట కలిపింది. వాసన వస్తోందని చెప్పి ఉంటే కిటికీ తెరిచేదాన్ని కదా, అంది. "ఏడుగురు సంతకం పెట్టారు. ఒక్కరూ నా తలుపు కొట్టలేదు." నేను నోట్సు కాగితాలు సర్దుకుంటూ నిలబడ్డాను. సారీ అన్న చిన్నమాట కూడా అనలేకపోయాను. ఇప్పటికీ అనలేదు.

2023 సెప్టెంబరులో బౌల్డర్‌లోని కొలరాడో విశ్వవిద్యాలయంలో ఒక భారతీయ పరిశోధక విద్యార్థి డిపార్ట్‌మెంట్ మైక్రోవేవ్‌లో పాలక్ పనీర్ వేడి చేసుకున్నాడు. వాసన వస్తోందని సిబ్బందిలో ఒకరు అభ్యంతరం చెప్పారు. అక్కడ మొదలైన వివాదం అతని పీహెచ్‌డీనీ, అక్కడే చదువుతున్న అతని సహచరి పీహెచ్‌డీనీ మింగేసింది. ఇద్దరూ కోర్టుకెక్కారు. తప్పు ఒప్పుకోకుండానే విశ్వవిద్యాలయం 2025లో 2,00,000 డాలర్లకు రాజీ చేసుకుంది. ఆ వార్త చదివి మన వాట్సాప్ గ్రూపులన్నీ మండిపడ్డాయి. మా గ్రూపులోనూ మండిపడ్డారు. అందులో ఆనాటి ఏడుగురిలో ముగ్గురం ఉన్నాం. నేను ఏమీ రాయలేకపోయాను.

అయిదు వారాలు

శ్రీనివాస్‌ను కాల్చింది 2017 ఫిబ్రవరి 22న. హైదరాబాద్‌లో ఆ ఇంటి ముందు ఇంకా పరామర్శలు సాగుతున్న రోజులు. అయిదు వారాలైనా కాకుండానే, మార్చి 27న, ఢిల్లీ పక్కన గ్రేటర్ నోయిడాలో నైజీరియా విద్యార్థుల మీద గుంపులు పడ్డాయి. ఒక స్థానిక కుర్రాడు చనిపోతే, మాదకద్రవ్యాలు వీళ్ళే ఇచ్చారని పుకారు లేచింది. మాల్‌లో దొరికిన నల్లజాతి విద్యార్థిని దొరికినట్టు కుర్చీలతో కొట్టారు. బయటికొచ్చిన వీడియోలో కొట్టేవాళ్ళ కంటే ఎక్కువమంది చూస్తూ నిలబడ్డవాళ్ళు. అంతకు ముందు ఏడాది బెంగళూరులో, ఎవరో సూడాన్ వాడు చేసిన ప్రమాదానికి టాంజానియా అమ్మాయిని పట్టుకుని కొట్టారు. ఇరానియన్లనుకుని తెలుగువాళ్ళను కాల్చిన మనిషికీ ఈ గుంపుకీ లెక్క ఒకటే.

మనవాళ్ళనే మనం వదల్లేదు. అరుణాచల్ విద్యార్థి నీడో తానియాను 2014 జనవరిలో ఢిల్లీ లాజ్‌పత్ నగర్‌లో జుట్టు చూసి వెక్కిరించారు, ఎదురు తిరిగితే కొట్టారు, మర్నాడు చనిపోయాడు. కేంద్రం బెజ్‌బరువా కమిటీ వేసింది. ఆ ఏడాదే నివేదిక వచ్చింది, జాతి దూషణను ప్రత్యేక నేరంగా చట్టంలో చేర్చమంది. అది ఇంతవరకూ జరగలేదు. 2025 డిసెంబరులో త్రిపుర నుంచి వచ్చి డెహ్రాడూన్‌లో ఎంబీఏ చదువుకుంటున్న కుర్రాడు ఇలాంటి దాడిలోనే గాయపడి ఆసుపత్రిలో కన్నుమూశాడని కుటుంబం గుండెలు బాదుకుంది.

హైదరాబాద్‌లో టోలిచౌకి, పారామౌంట్ కాలనీ వైపు వెళితే ఆఫ్రికా దేశాల పిల్లలు కనిపిస్తారు. ఉస్మానియా, ఇఫ్లూ విశ్వవిద్యాలయాల్లో చదువుకోవడానికి వచ్చినవాళ్ళు. సూడాన్‌లోనో, సోమాలియాలోనో ఒక తల్లి రాత్రివేళ చెల్లెలికి ఫోన్ చేసి, హైదరాబాద్‌లో మా వాణ్ణి ఎవరైనా ఏమైనా అంటారా అని అడుగుతూనే ఉంటుంది. ఆ చెల్లెలు ఏం జవాబు చెబుతుంది?

ఎవరి పోరాటం, ఎవరికి రక్షణ

అమెరికా వెళ్ళే పిల్లలకు సీనియర్లు ఇచ్చే మొదటి సలహా నాకు బాగా తెలుసు. ఆ ఏరియాలో నల్లోళ్ళుంటారు, అటు వెళ్ళకు. తెలుగు కుర్రాళ్ళ మధ్య వాళ్ళకు ఇంకా హీనమైన పేర్లున్నాయి, ఇక్కడ రాయను. రేపు మా అమ్మాయిని కాలేజీలో ఎవరైనా రంగు చూసో, దేశం చూసో వేధిస్తే ఆమె పట్టుకునే చట్టం ఏది? 1964 నాటి పౌరహక్కుల చట్టంలోని ఆరో భాగం, అక్కడ టైటిల్ సిక్స్ అంటారు. ఫెడరల్ డబ్బు తీసుకునే ఏ విద్యాసంస్థా రంగు, జాతి, పుట్టిన దేశం కారణంగా వివక్ష చూపకూడదు. అది నల్లజాతివాళ్ళు లాఠీలు తిని, కుక్కల కాట్లు తిని, జైళ్ళకెళ్ళి సాధించుకున్న చట్టం. మరుసటి ఏడాది, 1965లో, అదే ఊపులో వచ్చిన వలస చట్టమే ఆసియావాళ్ళకు అమెరికా తలుపు తీసింది. ఎవరిని చూసి పక్కకు తప్పుకోమంటున్నామో, వాళ్ళ తాతలు వేసిన దారి మీదే మన పిల్లలు నడుస్తున్నారు.

అంతకు ముందు ఎలా ఉండేదో ఎల్లాప్రగడ సుబ్బారావు జీవితం చెబుతుంది. భీమవరంలో పుట్టి, మామగారి సాయంతో, కాకినాడ సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయంతో, 1920ల మొదట్లో బోస్టన్ చేరాడు. 1923లోనే అక్కడి సుప్రీంకోర్టు, భారతీయులు తెల్లవాళ్ళ కింద లెక్కకు రారు, పౌరసత్వం ఇవ్వకూడదని తీర్పు చెప్పింది. ఆ దేశంలో ఆయన ఆసుపత్రిలో చిన్నాచితకా పనులు చేస్తూ చదివాడు, హార్వర్డ్‌లో శాశ్వత పదవి దక్కక లెడర్లీ ప్రయోగశాలకు వెళ్ళాడు. ప్రపంచానికి మందులిచ్చి, 1948లో పౌరసత్వం లేకుండానే పోయాడు.

తల్లిదండ్రులు కాలేజీని అడగాల్సినది ఒకటుంది. 1986లో లీహై విశ్వవిద్యాలయం హాస్టల్ గదిలో హత్యకు గురైన జీన్ క్లెరీ అనే అమ్మాయి తల్లిదండ్రులు పోరాడితే 1990లో ఒక చట్టం వచ్చింది. ఆమె పేరుతోనే క్లెరీ చట్టం అంటారు. దాని ప్రకారం ఫెడరల్ డబ్బు తీసుకునే ప్రతి కాలేజీ ఏటా అక్టోబరు 1లోగా భద్రతా నివేదిక బయటపెట్టాలి. గత మూడేళ్ళలో క్యాంపస్‌లో జరిగిన నేరాలు, వాటిలో ద్వేషంతో చేసినవి ఎన్ని, జాతి కారణంగా ఎన్ని, మతం కారణంగా ఎన్ని, అన్నీ పట్టిక వేసి చూపాలి. కాలేజీ సైట్‌లో ఎవరైనా ఉచితంగా చదవొచ్చు. బిడ్డను పోగొట్టుకున్న తల్లిదండ్రులు మిగతా తల్లిదండ్రుల కోసం సాధించి పెట్టినది. ర్యాంకుల జాబితా చూసే కన్సల్టెన్సీలు దాన్ని ఎందుకు చూపవో నాకు అర్థం కాదు. సున్నాలు కనిపిస్తే సంతోషించి మూసేయకండి. ఫిర్యాదు చేసేవాళ్ళు లేని చోట కూడా సున్నాలే ఉంటాయి.

టైటిల్ సిక్స్ కింద అక్కడి విద్యాశాఖ పౌరహక్కుల కార్యాలయానికి 180 రోజుల్లోపు ఫిర్యాదు చేయొచ్చు. 2025 మార్చిలో ఆ కార్యాలయం సిబ్బందిలో దాదాపు సగాన్ని తీసేశారు, పన్నెండు ప్రాంతీయ శాఖల్లో ఏడు మూసేశారు. ఫిర్యాదులు ముందుకు కదలడం కష్టమైంది. ఆ వసంతంలోనే చిన్న చిన్న ట్రాఫిక్ కేసుల్లాంటివి చూపి వేలమంది విదేశీ విద్యార్థుల హోదాను నమోదు చేసే సెవిస్ రికార్డులు రద్దు చేశారు, కోర్టులు కల్పించుకున్నాక తిరిగి పెట్టారు. అందుకే మన పిల్లలు పోలీసు అన్న మాట వింటేనే వణుకుతున్నారు. దెబ్బలు తిన్నా ఫిర్యాదు చేస్తే వీసా పోతుందేమోనని భయపడుతున్నారు. బాధితురాలిగా ఫిర్యాదు చేయడం ఎఫ్-1 విద్యార్థి వీసా నిబంధనలకు విరుద్ధం కాదు. ఈ ఒక్క మాటా పిల్ల చెవిలో పడేలా చెప్పండి. ఏం జరిగినా తారీఖు, టైము, చోటు, పక్కన ఎవరున్నారో రాసిపెట్టుకోమనండి. ఇంటర్నేషనల్ ఆఫీసుకు మెయిల్ పెట్టమనండి, నోటితో చెప్పి వదిలేయొద్దనండి.

మొదటి ఫోన్ మనకే చేస్తుంది, నమ్మండి. అప్పుడు "నువ్వేమన్నావే?" అని అడిగామంటే రెండోసారి ఇక చెప్పదు.

వెళ్ళే ముందురోజు అక్కా వాళ్ళింట్లో ఇవన్నీ మా అమ్మాయికి చెప్పాను. హాస్టల్ సంగతి కూడా చెప్పాను. శ్రద్ధగా వింది. "ఆవిడకి సారీ చెప్పలేదా పిన్నీ?" అంది. లేదన్నాను. "పేరు తెలుసుగా, వెతుకుదాం" అని ఫోన్ తీసింది. ఆ పేరుతో చాలామంది వచ్చారు. ఇరవై ఏళ్ళ తర్వాతి ముఖాన్ని నేను పోల్చుకోలేకపోయాను. అందులో నలుగురి పేర్లు నా ఫోన్‌లోకి పంపింది.

బావగారు పెట్టెలు తూచారు. రెండోది 23 కిలోల 400 గ్రాములు వచ్చింది. అక్క తాళం తీసి, బట్టల కింద నుంచి మూడు పొరల కవర్లో చుట్టిన ఎండు నెత్తళ్ళ పొడి పొట్లం బయట పెట్టింది. "వద్దులేవే, వాసనొస్తుంది. రూమ్మేట్లు ఏమైనా అంటారు" అంది. పిల్ల నా వైపు ఒకసారి చూసింది. జీన్స్ ప్యాంటు ఒకటి తీసి మంచం మీద పడేసి, పొట్లాన్ని మళ్ళీ బట్టల మధ్యకు తోసింది.

"తలుపు కొట్టి చెబితే కిటికీ తీస్తాలే అమ్మా" అంటూ పెట్టె మీద కూర్చుంది. బావగారు జిప్పు లాగారు.